వృద్ధి శాతం పెరిగితే బేరాలు ఎందుకు పెరగలేదు?

2021 ఆగస్టు 31న జాతీయ గణాంక కార్యాలయం ఒక అంకె ప్రకటించింది. ఆ ఏడాది ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో దేశ స్థూల ఉత్పత్తి (జీడీపీ) 20.1 శాతం పెరిగిందన్నది దాని సారాంశం. అంత పెద్ద అంకె అంతకు ముందెప్పుడూ ఎవరూ చూడలేదు. అదే రోజుల్లో విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల దగ్గర వినిపించే మాట వేరు: సరుకుంది, రొటేషన్ లేదు. ఈ రెండు మాటల్లో ఒకటి అబద్ధమై ఉండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండూ సరైనవే. ఒకే గోడను ఇద్దరు చెరోవైపు నుంచి కొలిచారు, అంతే.

లెక్క చూద్దాం. ధరల పెరుగుదల తీసేసి స్థిర ధరల్లో చూస్తే, కోవిడ్‌కు ముందు 2019 ఏప్రిల్-జూన్‌లో దేశం ఉత్పత్తి విలువ 35.66 లక్షల కోట్ల రూపాయలు. లాక్‌డౌన్ వేళ 2020లో అదే మూడు నెలల్లో అది 26.95 లక్షల కోట్లకు పడిపోయింది. 2021లో 32.38 లక్షల కోట్లకు చేరింది. 26.95 పక్కన 32.38 పెడితే 20.1 శాతం పెరుగుదల. 35.66 పక్కన పెడితే తొమ్మిది శాతం లోటు. విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలత కాంప్లెక్స్‌లో రోజుకు లక్ష రూపాయల అమ్మకం ఉండే కొట్టు ఒకటి ఊహించుకోండి. అది 76 వేలకు పడి, ఏడాది తరువాత 91 వేలకు లేచింది. అద్దె, గుమాస్తాల జీతాలు, వడ్డీలు అన్నీ లక్ష అమ్మే రోజుల్లో కుదుర్చుకున్నవే. పెరిగిన 15 వేలు పత్రికలో వార్త అవుతుంది. ఇంకా రాని 9 వేలు కొట్టు ఖాతాలో అప్పు అవుతుంది.

పైగా శాతాలకు ఒక సహజ వంకర ఉంది. 24 శాతం పడినది 24 శాతం పెరిగితే మొదటి చోటికి రాదు. రావాలంటే సుమారు 32 శాతం పెరగాలి.

కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్ళకు ఇది కొత్త పాఠమేమీ కాదు. ప్రకాశం బ్యారేజీ గురించి చెప్పేటప్పుడు ఇన్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులు, నీటిమట్టం ఎన్ని అడుగులు అని రెండు అంకెలు విడివిడిగా చెప్తారు. ఇన్‌ఫ్లో పెరిగిందనగానే బ్యారేజీ నిండిపోయిందని విజయవాడలో ఎవరూ అనుకోరు. ఆర్థిక వార్తల్లో మాత్రం ఇన్‌ఫ్లో ఒక్కటే చెప్పి, మట్టం సంగతి వదిలేస్తారు.

మాంద్యం అన్న మాటకు కూడా ఇలాంటి ఇబ్బందే ఉంది. వరుసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గితే సాంకేతికంగా మాంద్యమంటారు. మన దేశంలో 2020 ఏప్రిల్-జూన్‌లో తొలి అంచనా ప్రకారం 23.9 శాతం, జూలై-సెప్టెంబరులో 7.5 శాతం తగ్గింది. అక్టోబరు-డిసెంబరులో 0.4 శాతం పెరిగిందని 2021 ఫిబ్రవరి 26న ప్రకటించగానే మాంద్యం ముగిసిందని రాశారు. నిర్వచనం ప్రకారం అది తప్పు కాదు. ఏడాది కిందటి అదే మూడు నెలల అంకెను అందుకున్నామని దాని అర్థం. నడుమ రెండు త్రైమాసికాల్లో పోయింది తిరిగి వచ్చిందని కాదు.

స్వాతంత్ర్యం తరువాత ఏడాది మొత్తానికి ఉత్పత్తి తగ్గిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 1957-58, 1965-66, 1979-80 అలాంటివి. 1979-80లో తగ్గుదల 5.2 శాతం. వాటిలో వర్షాభావానిదే ప్రధాన పాత్ర కాబట్టి, మళ్ళీ వానలు పడితే పంటతో పాటు అంకెలూ లేచేవి. 2020 అలాంటిది కాదు. ఏప్రిల్-జూన్‌లో వ్యవసాయం 3.4 శాతం పెరిగింది కూడా. కుప్పకూలినవి పట్నం పనులు: నిర్మాణం 50.3 శాతం, వ్యాపారం, హోటళ్ళు, రవాణా, సమాచార రంగాలు కలిపి 47 శాతం. ఈ రెండు వరసలూ తీసేస్తే విజయవాడలో మిగిలేదేమిటి? రెండు జాతీయ రహదారులు కలిసే చోట, పెద్ద రైల్వే జంక్షన్ చుట్టూ, కొనడం-అమ్మడం-మోయడం మీద బతికే ఊరు ఇది. దేశం సగటున 24 శాతం పడితే ఈ ఊరికి తగిలిన దెబ్బ ఆ సగటు కంటే పెద్దదై ఉండాలని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఆ సగటు కూడా నిలకడగా ఉండదు. 2020-21 మొత్తానికి తగ్గుదల ఎంతో చెప్పమంటే ఐదు జవాబులున్నాయి. 2021 జనవరిలో 7.7 శాతమన్నారు. ఫిబ్రవరిలో 8 అన్నారు. మే నెలాఖరున 7.3. మరుసటి జనవరిలో 6.6. 2023 ఫిబ్రవరికి 5.8. ఇందులో మోసమేమీ లేదు, సమాచారం వచ్చేకొద్దీ లెక్క దిద్దుకోవడం పద్ధతే. అయితే తొలి అంచనాకు దొరికేవి ఎక్కువగా పెద్ద కంపెనీల లెక్కలు. తోపుడుబండి, టీ కొట్టు, చిన్న మెకానిక్ షెడ్డు ఎలా నడిచాయో నేరుగా తెలియదు కాబట్టి, చాలాచోట్ల నమోదైన సంస్థల పోకడనే వాటికీ అన్వయిస్తారు. మామూలు రోజుల్లో ఇది పెద్ద తప్పు కాదు. పెద్దవాళ్ళు తట్టుకుని చిన్నవాళ్ళు మూతపడిన రోజుల్లో మాత్రం పెద్దల ఆరోగ్యాన్ని చూసి పేదల నాడి చెప్పినట్టు ఉంటుంది.

త్రైమాసికం ముగిశాక రెండు నెలలకు గానీ స్థూల ఉత్పత్తి అంకె రాదు. ఈలోగా అందరూ చూసేవి త్వరగా వచ్చే సూచికలు. వాటిలో విజయవాడకు బాగా నప్పేది ఈ-వే బిల్లు. 50 వేల రూపాయలు దాటిన సరుకు కదలాలంటే ఆ బిల్లు ఉండాలి. 2020 ఏప్రిల్‌లో దేశమంతా కలిపి సుమారు 86 లక్షల బిల్లులే పుట్టాయి. సెప్టెంబరుకు అవి 5.74 కోట్లు, 2021 మార్చికి 7.12 కోట్లు. బిల్లులు లేచాయంటే లారీలు తిరిగాయన్న మాటే. మరి లారీల రిపేర్లు, బాడీ బిల్డింగ్ మీద బతికే ఆటోనగర్‌కు ఆ మంచిరోజులు ఎందుకు వెంటనే రాలేదు?

లారీ లెక్క ఒక వరసలో నడుస్తుంది. లోడు లేక నిలబడిపోయిన బండి మొదట దొరికిన కిరాయికే కదులుతుంది. తరువాత తిరుగు లోడు కోసం పడిగాపులు కాసే రోజులు తగ్గుతాయి. నిలిచి ఉన్న బళ్ళన్నీ రోడ్డెక్కాక గానీ కిరాయి పెరగదు. పెరిగిన కిరాయి ముందుగా ఫైనాన్స్ వాళ్ళ పాత కిస్తీలకు పోతుంది. ఆ తరువాతే అరిగిన టైర్లు, వాయిదా వేస్తూ వచ్చిన ఇంజను పని. అవన్నీ తీరి, ఉన్న బండి చాలడం లేదనిపించినప్పుడు కొత్త ఛాసిస్ (బాడీ కట్టని లారీ చట్రం) కొంటారు. ఆ ఛాసిస్ వస్తేనే బాడీ బిల్డింగ్ షెడ్డులో వెల్డింగ్ వెలుగు కనిపిస్తుంది. ఈ-వే బిల్లుల అంకెకూ ఆ వెలుగుకూ మధ్య ఇన్ని మజిలీలున్నాయి. ఇవన్నీ దాటడానికి ఏడాది పైన పట్టినా వింత లేదు. మరో సంగతి: 2020 మే మొదటి వారంలో కేంద్రం లీటరు డీజిల్‌పై 13 రూపాయలు, పెట్రోలుపై 10 రూపాయలు పన్ను పెంచింది. అంతకు ముందు నెలలోనే పొగ కాలుష్యం తగ్గించే బీఎస్-6 నిబంధన వచ్చి కొత్త బళ్ళ ధర పెరిగింది. లోడు వచ్చినా మిగులు లేదని యజమాని అంటే, అది అలవాటుగా చేసే ఫిర్యాదు కాదు.

ఆ డీజిల్ పన్నే మరో చోట శుభవార్తగా మారింది. ఎక్సైజు రాబడి పెరిగింది. పన్ను రాబడి పెరిగితే ఆర్థికం కోలుకున్నట్టేనన్న వాదన ఎక్కడ తప్పుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. రేటు పెంచినా రాబడి పెరుగుతుంది, బేరం పెరిగినా పెరుగుతుంది. ఏది ఎంతో విడదీయకుండా చెప్తే అది లెక్క కాదు, ప్రచారం.

జీఎస్టీ కథ ఇంకాస్త చిక్కు. 2020 ఏప్రిల్‌లో 32 వేల కోట్లకు పడిన వసూళ్ళు అక్టోబరులో లక్ష కోట్లు దాటాయి, 2021 ఏప్రిల్‌లో 1.41 లక్షల కోట్లు. ఒక నెల వసూళ్ళు అంతకు ముందు నెల అమ్మకాలవి అన్న చిన్న విషయం చాలా వార్తల్లో ఉండదు. ధరల పెరుగుదల తీసేసి చూపించే అంకె కూడా కాదిది. 2021-22లో టోకు ధరలు 13 శాతం పెరిగాయి. సరుకు అంతే అమ్మినా పన్ను పెరుగుతుంది. దానికి తోడు, 500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలకు 2020 అక్టోబరు నుంచి, 100 కోట్లు దాటినవాటికి 2021 జనవరి నుంచి ఈ-ఇన్‌వాయిస్ (అమ్మకం బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరి అయ్యాక ఎగవేత తగ్గింది. ఇవి కాక మరో కారణం ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సందులోని, జీఎస్టీ పరిధిలోకి రాని చిన్న బట్టల కొట్టు మూతపడి, దాని ఖాతాదార్లు బెంజి సర్కిల్ వైపు పెద్ద షోరూముకు మళ్ళితే ఊళ్ళో అమ్మిన చీరలు పెరగలేదు. పన్ను మాత్రం పెరిగింది. జీఎస్టీ అంకెలో అది కోలుకోవడంగానే కనిపిస్తుంది.

కొనుగోలు మేనేజర్ల సూచీ గురించి రెండు మాటలు చాలు. పోయిన నెల కంటే మెరుగా, అంతేనా, తక్కువా అని కంపెనీలను అడిగి 50ని గీటుగా పెట్టి చెప్పే అంకె అది. 2020 ఏప్రిల్‌లో సేవా రంగానికి 5.4, తయారీకి 27.4 వచ్చాయి. అన్ని షట్టర్లూ దించి ఉన్నప్పుడు ఒకటి ఎత్తినా పోయిన నెల కంటే మెరుగే. సూచీ 55కు చేరిందంటే తక్కువన్న కంపెనీల కంటే మెరుగన్నవి ఎక్కువని అర్థం. ఎంత మెరుగో అది చెప్పదు.

ఇక పంచాంగం. ఇది హాస్యానికి అంటున్నది కాదు. మన దగ్గర ఎక్కువ అంకెలను పోయిన ఏడాది ఇదే నెలతో పోలుస్తారు. పండుగలు, పెళ్ళిళ్ళు ఇంగ్లీషు నెలల ప్రకారం రావు కదా. 2019లో దసరా, దీపావళి రెండూ అక్టోబరులోనే. 2020లో అధిక ఆశ్వయుజం రావడంతో దసరా అక్టోబరు చివరకు, దీపావళి నవంబరు 14కు జరిగాయి. రెండు అక్టోబర్లను పక్కపక్కన పెడితే పోలిక ఎలా కుదురుతుంది? 2024లో ఏప్రిల్ చివర మొదలైన మూఢం, దాని వెంట ఆషాఢం కలిసి ఆగస్టు మొదటి వారం దాకా ముహూర్తాలు లేకుండా చేశాయి. ఆ వేసవిలో పెళ్ళిళ్ళ బేరం చప్పబడిందంటే బీసెంట్ రోడ్డులో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. ముంబయిలో కూర్చుని చార్టులు గీసేవారికి అది గిరాకీ మందగించడంగా కనిపించి ఉండవచ్చు. గుంటూరు మిర్చి యార్డుకు ఏటా మే-జూన్ వేళ వేసవి సెలవులిస్తారు. ముఠా కూలీల సంపాదన, చుట్టుపక్కల హోటళ్ళ బేరం ఆ రోజుల్లో తగ్గితే అది మాంద్యం కాదు, సెలవు.

యార్డు ప్రస్తావన వచ్చింది కాబట్టి ధరల విషయంలో ఒక హెచ్చరిక. మిర్చి ధర పెరిగిందంటే గుంటూరు ప్రాంతం బాగుపడిందని రాసేవారున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను తినేసింది. దిగుబడి పోయింది, సరుకు తగ్గి ధర లేచింది. టిక్కీలు (మిర్చి బస్తాలు) పట్టుకొచ్చిన రైతుకు మంచి ధర దక్కింది గానీ, పీకేసిన తోట రైతుకు ఏ ధర దక్కుతుంది? 2025లో దీనికి తలకిందులు. ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ధర ఒక్కటే చూసి ఆదాయం చెప్పడం, ఒక్క సంఖ్యతో గుణకారం చేయబోవడం లాంటిది.

అన్నిటికంటే ఆలస్యంగా కోలుకునేదీ, అన్నిటికంటే తప్పుగా అర్థమయ్యేదీ ఉపాధి. పట్టణాల్లో నిరుద్యోగం 2020 ఏప్రిల్-జూన్‌లో 20.8 శాతం. తరువాత వరుసగా 13.2, 10.3, 9.3కు దిగి, కోవిడ్ రెండో అలతో 2021 ఏప్రిల్-జూన్‌లో మళ్ళీ 12.6కు ఎక్కింది. ఇవి అందరి అనుభవానికీ దగ్గరగా ఉన్న అంకెలు. ఈ అంకెలిచ్చిన జాతీయ గణాంక కార్యాలయానిదే ఏడాది లెక్క చూడండి. పల్లె, పట్నం కలిపి నిరుద్యోగం 2019-20లో 4.8 శాతం, జూలై 2020 నుంచి జూన్ 2021 వరకు 4.2 శాతం. దేశం ఎన్నడూ లేనంత కష్టంలో ఉన్న ఏడాది నిరుద్యోగం తగ్గిందట!

కిటుకు నిర్వచనంలో ఉంది. మొదటిది గడచిన వారంలో పని దొరికిందా అని అడిగిన లెక్క. రెండోది ఏడాది పొడవునా ఏం చేశావని అడిగిన లెక్క. రెండో దానిలో ఏడాదిలో కొంతకాలం పని చేసినా పనివాడే. ఇంటి పొలంలో జీతం లేకుండా సాయపడినా పనివాడే. విజయవాడ హోటల్లో నెల జీతానికి పనిచేసిన కుర్రాడు ఉద్యోగం పోయి మైలవరం దగ్గర సొంతూరు చేరాడనుకుందాం. నాన్నతో పాటు పొలానికి పోతున్నాడు. పంట పెరగలేదు, పంచుకునే చేతులు పెరిగాయి. లెక్కల్లో మాత్రం అతనికి పని ఉంది. పనిచేసేవారిలో వ్యవసాయం వాటా 2018-19లో 42.5 శాతం. 2019-20లో 45.6కు, 2020-21లో 46.5కు పెరిగింది. దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్న వాటా అది. నిరుద్యోగం శాతం పక్కన ఈ శాతం కూడా వేయకపోతే వార్త సగమే.

ఉపాధి హామీ పనిని మన పల్లెల్లో ఇప్పటికీ చాలామంది కరువు పని అంటారు. ఆర్థికవేత్తలు రాసిన పేరు కంటే ఇదే నిజమైన పేరు. 2019-20లో దేశమంతటా 265 కోట్ల పనిదినాలు జరిగితే 2020-21లో 389 కోట్లు జరిగాయి. పని కల్పించిన ఘనతగా ప్రభుత్వాలు చెప్పుకునే ఈ అంకె, పెరిగినప్పుడల్లా వేరేచోట పని పోయిందని చెప్తుంది. ఇది తగ్గడం మొదలైనప్పుడే పట్నం కోలుకుంటోందని నమ్మవచ్చు. అదీ బడ్జెట్ కోసేయడం వల్ల తగ్గకుండా ఉంటేనే.

అప్పుల లెక్కల్లో ఇలాంటి వింతే ఉంది. 2020 మార్చిలో మొత్తం అప్పుల్లో 8.4 శాతం ఉన్న బ్యాంకుల మొండి బకాయిలు సెప్టెంబరుకు 7.5కు తగ్గాయి. ఊళ్ళో ఎవరి చేతిలోనూ డబ్బు ఆడని ఆర్నెల్లలో బకాయిలు తగ్గడమేమిటి? మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు కట్టకుండా వాయిదా వేసుకునే మారటోరియం. సెప్టెంబరులో సుప్రీంకోర్టు, తాను మళ్ళీ చెప్పేదాకా, ఆగస్టు 31 నాటికి మొండిది కాని ఏ ఖాతానూ మొండిదిగా చూపవద్దంది. జ్వరం తగ్గలేదు, థర్మామీటరు పక్కన పెట్టారు. ఆ ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు, బ్యాంకులు బంగారం విలువలో 75 శాతానికి బదులు 90 శాతం దాకా అప్పివ్వవచ్చంది. అదే వారంలో బంగారం ధర అప్పటికి గరిష్ఠ స్థాయిలో ఉంది. తాకట్టు అప్పులు పెరిగితే బ్యాంకు నివేదికలో అది రుణ వృద్ధి. ఇంట్లో ఆడవాళ్ళ మెడలో అది పసుపు తాడు. ఈ ప్రాంతంలో తాకట్టు కథ ఎలా ముగిసిందో తెలుసుకోవాలంటే ఏడాది తరువాత పత్రికల లోపలి పేజీల్లో వచ్చే వేలం ప్రకటనలు చూడాలి. వాటికి సూచీ ఎవరూ కట్టలేదు.

ఎవరు కోలుకున్నారు, ఎవరు కోలుకోలేదన్న ప్రశ్నకు బళ్ళ అమ్మకాలు సూటిగా జవాబిస్తాయి. దేశంలో కార్లు, ఎస్‌యూవీల అమ్మకాలు 2018-19లో 33.8 లక్షలు. 2020-21లో 27.1 లక్షలకు పడి, 2022-23 నాటికే 38.9 లక్షలతో పాత మెట్టు దాటేశాయి. ద్విచక్ర వాహనాలు 2018-19లో 2.12 కోట్లు. 2021-22లో 1.35 కోట్ల దాకా జారాయి. 2024-25లో కూడా 1.96 కోట్లే. ఆరేళ్ళు గడిచినా పాత మెట్టు అందలేదు. కారు కొనే ఇల్లు నాలుగేళ్ళలో కోలుకుంది, బండి కొనే ఇల్లు ఆరేళ్ళకీ కోలుకోలేదు. రెండింటినీ కలిపి వాహన రంగం పుంజుకుందని రాస్తే అందులో బండి కొనే ఇల్లు మాయమవుతుంది.

విజయవాడ, గుంటూరు ఎంత కోలుకున్నాయో విడిగా చెప్పబోతే చిక్కులు మరీ ఎక్కువ. ప్రజల నమ్మకాన్ని కొలవడానికి రిజర్వు బ్యాంకు 2020లో 13 నగరాల్లో సర్వే చేసేది. తెలుగు నేల నుంచి అందులో ఉన్నది హైదరాబాదే. జిల్లా ఉత్పత్తి అంచనాలున్నాయి గానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది. గుంటూరు నుంచి పల్నాడు, బాపట్ల చీలిపోయాయి. పాత కృష్ణా జిల్లా అంకెను కొత్త కృష్ణా జిల్లా అంకెతో పోల్చి ఎవరైనా వృద్ధి రేటు చెప్తే ఆ పేజీ తిప్పేయడం మంచిది. పైగా ఈ ప్రాంతానికి తన సొంత ఎగుడుదిగుళ్ళున్నాయి. 2015లో అమరావతి శంకుస్థాపనతో భూముల బేరాలు ఎగిశాయి. 2019లో ఇసుక కొరతతో కట్టడాలు ఆగాయి. ఆ డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చాక బేరాలు నిలిచాయి. అంటే కోవిడ్‌కు ముందు స్థాయికి చేరామన్న మాటకు ఇక్కడ అర్థం వేరు. ఆ స్థాయే అప్పటికి చప్పగా ఉంది.

ఇక తాజా చిక్కు. 2024 సెప్టెంబరు 1 నుంచి బుడమేరు వరదలో సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్ళు, కొట్లు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. తరువాతి నెలల్లో ఫ్రిజ్‌లు, మంచాలు, బండి రిపేర్లు ఎక్కువ జరిగితే అవి గిరాకీ లెక్కలోకే వస్తాయి. పోయిన సామాను మాత్రం ఏ లెక్కలోకీ రాదు. 2025 సెప్టెంబరు అమ్మకాలను ఆ సెప్టెంబరుతో పోలిస్తే మంచి శాతమే వస్తుంది. వరద నెల కాబట్టి దాన్ని వదిలి 2023 సెప్టెంబరుతో పోలుద్దామంటే, ఆ ఏడు అధిక శ్రావణం వచ్చి నిజ శ్రావణం సెప్టెంబరు 15 దాకా సాగింది, పెళ్ళి బేరాలు అందులో పడ్డాయి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు తగ్గాయి కాబట్టి కొనేవాళ్ళు అంతవరకు ఆగారు, పైగా అక్టోబరు 2న దసరా. మూడేళ్ళకూ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మూడేసి నెలలు కలిపి, ధరల పెరుగుదల తీసేసి కూడితే తప్ప ఈ ఊళ్ళో బేరం పెరిగిందో లేదో చెప్పడం కుదరదు.